యెన్ అగ్గువైంది.. మరి కెమెరా ఎందుకు పిరమైంది?

2025 డిసెంబర్ 3న రూపాయి మొదటిసారి డాలర్‌కు 90 దాటి పడిపోయింది. ఆ రోజంతా పెట్రోల్ ఏమైతది, బంగారం ఏమైతది, అమెరికాల చదివే పిల్లల ఫీజులు ఏమైతయ్ అన్న ముచ్చటే నడిచింది. కెమెరా ఏమైతదని ఎవ్వరూ అడగలే. అడగరు సుత. కానీ తెలంగాణల ఏ మండల కేంద్రానికి పోయినా బస్టాండ్ చుట్టుపక్కల రెండు మూడు ఫొటో స్టూడియోలు కనిపిస్తయ్. డిగ్రీ చేసి, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి, ఇగ కాదనుకొని అప్పు చేసి కెమెరా పట్టినోళ్లు ఊరూరికి ఉన్నరు. పెండ్లిళ్లు తీసేటోళ్లు కొందరైతే, యూట్యూబ్‌ల ఫోక్ సాంగులు, షార్ట్ ఫిల్ములు తీసేటోళ్లు మరికొందరు. వీళ్లకు కెమెరా షోకు కాదు, పనిముట్టు. ఆ పనిముట్టు రేటు మాత్రం వీళ్లు కొనే కోఠి దుకాణంల తేలేది కాదు. దుకాణపాయన గూడ పైనుంచి వచ్చిన రేటే చెప్తడు.

మరి పైన ఎవరు తేలుస్తున్నరు? ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. మన ఫొటోగ్రాఫర్లు వాడే కెమెరాలన్నీ దాదాపు జపాన్ కంపెనీలవే. సోనీ, కెనాన్, నికాన్, ఫుజీఫిల్మ్, పానాసోనిక్.. ఏదైనా సరే. జపాన్ పైసలు యెన్. ఆ యెన్ పదిహేనేండ్లల్ల మస్తు పడిపోయింది. 2011 అక్టోబర్‌ల ఒక డాలర్‌కు 76 యెన్‌లు వచ్చేవి. 2024 జులైల 161 వచ్చినయ్. అంటే డాలర్ ముందట యెన్ విలువ సగానికంటే తక్కువైంది. మన రూపాయి గూడ ఆ కాలంల పడ్డది గానీ యెన్ పడ్డంత పడలే. 2011ల డాలర్‌కు సుమారు 49 రూపాయలు ఉండె, 2024 జులైల సుమారు 83న్నర.

ఈ రెండు లెక్కలు కలిపి చూస్తే గమ్మత్తు తెలుస్తది. జపాన్‌ల లక్ష యెన్‌ల లెన్స్ ఒకటి ఉందనుకుందాం. 2011ల దాన్ని మన పైసలల్ల లెక్కగడితే సుమారు 64 వేల రూపాయలు. అదే లక్ష యెన్‌లు 2024 జులైల సుమారు 52 వేలు. యెన్ లెక్కల చూస్తే జపాన్ సామాన్ మనకు 12 వేలు అగ్గువ కావాలె. అయ్యిందా? కాలే. పైగా పిరమైంది.

ఎందుకంటే ఈ కంపెనీలు జపాన్‌వే గానీ వాళ్ల దందా జపాన్‌ది కాదు. దునియా మొత్తం అమ్ముతరు, రేటు డాలర్‌ల చూసుకుంటరు. ఒక దేశంల మరీ అగ్గువకు అమ్మితే అక్కడ కొని ఇంకో దేశంల అమ్ముకునే దళారులు పుట్టుకొస్తరు. అందుకే ఏ దేశంలనైనా రేటు డాలర్ రేటుకు అటూ ఇటుగా ఉండేటట్టు చూసుకుంటరు. ఇంకో సంగతి, తయారీ గూడ అంతా జపాన్‌ల లేదు. నికాన్ కెమెరా బాడీల తయారీ థాయిలాండ్‌కు పోయింది. సోనీ థాయిలాండ్, చైనాల చేయిస్తది. కెనాన్‌కు తైవాన్‌ల ఫ్యాక్టరీ ఉంది. యెన్ పడితే కంపెనీల లాభం పెరుగుతది, ఎందుకంటే డాలర్‌ల వచ్చిన పైసలు యెన్‌లకు మార్చుకుంటే ఎక్కువైతయ్. మన జేబుకు వచ్చేది ఏం లేదు. మనం కట్టేది రూపాయిలల్ల, పోల్చేది డాలర్‌తో. రూపాయి 49 నుంచి 90కి వచ్చిందంటే, వెయ్యి డాలర్ల వస్తువు కంపెనీ ఒక్క డాలర్ పెంచకున్నా 49 వేల నుంచి 90 వేలకు వచ్చినట్టే.

పన్ను తగ్గింది, పన్ను పైసలు తగ్గలే

ఊరికే చెప్తే నమ్మకం కుదరదు, ఒక కెమెరానే పట్టుకొని చూద్దాం. పెండ్లిళ్ల ఫొటోగ్రాఫర్లల్ల సోనీ ఏ7 మార్క్ 3 తెల్వనోళ్లు ఉండరు. 2018 ఏప్రిల్‌ల అది మన దేశంల ఉత్త బాడీ 1,64,990 రూపాయలకు వచ్చింది. దాని తర్వాతి మోడల్ ఏ7 మార్క్ 4 మన దగ్గర 2022 జనవరిల 2,42,490కి వచ్చింది. నాలుగేండ్లల్ల 77,500 పెరిగింది.

అమెరికాల మార్క్ 3 రేటు 1,998 డాలర్లు, మార్క్ 4 రేటు 2,498 డాలర్లు. అంటే కంపెనీ డాలర్‌లనే 25 శాతం పెంచింది. ఆ మధ్యల రూపాయి సుమారు 65 నుంచి 74న్నరకు పడ్డది, అంటే ఇంకో 15 శాతం. ఈ రెండు కలిస్తే 43 శాతం. కానీ మన దగ్గర పన్ను తీసేసి చూస్తే రేటు 59 శాతం పెరిగింది. ఆ తేడా కరోనా టైంల పెరిగిన రవాణా ఖర్చు, కంపెనీ వేసుకున్న లాభం, మళ్ల రూపాయి పడితే తట్టుకోనీకి ముందే పెట్టుకున్న పైసలు.. దేంట్లకు ఎంత పోయిందో కంపెనీకే ఎరుక.

ఇప్పుడు పన్ను సంగతి. 2017 జులైల జీఎస్టీ వచ్చినప్పుడు డిజిటల్ కెమెరాను 28 శాతంల పెట్టిన్రు. ఏసీలు, కార్ల పక్కన కూసోబెట్టిన్రు అన్నట్టు. 2018 డిసెంబర్‌ల జీఎస్టీ కౌన్సిల్ దాన్ని 18కి తగ్గించింది, 2019 జనవరి 1 నుంచి అమలైంది. పది శాతం తగ్గిందంటే చిన్న ముచ్చట కాదు. కానీ లెక్క చూడున్రి. మార్క్ 3 రేటుల 28 శాతం పన్ను అంటే సుమారు 36,100 రూపాయలు. మార్క్ 4 రేటుల 18 శాతం పన్ను అంటే 36,990 రూపాయలు. శాతం తగ్గింది, సర్కారుకు పోయే పైసలు మాత్రం ఇంకో 900 పెరిగినయ్. అసలు రేటు అంత పెరిగినాక పన్ను శాతం తగ్గించిన ఫలితం కొనేటోని చేతికి రానే లేదు.

ఊరి లెక్కల చెప్తే ఇంకా బాగ అర్థమైతది. 2017–18ల ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాల్‌కు 1,590. అప్పుడు మార్క్ 3 కొనాలంటే 104 క్వింటాళ్ల వడ్లు అమ్మాలె. 2021–22ల మద్దతు ధర 1,960. అప్పుడు మార్క్ 4 కొనాలంటే 124 క్వింటాళ్లు అమ్మాలె. మద్దతు ధర పెరిగిందని ఎంత చెప్పుకున్నా, కెమెరా ముందట 20 క్వింటాళ్లు వెనుకబడ్డది. ఇది ఒట్టి పోలిక అనుకోవద్దు. పల్లెల పెండ్లికి పైసలు వచ్చేది ఆ వడ్ల నుంచి, ఆ పత్తి నుంచే. రైతు చేతిల పైసలు ఆడకపోతే పెండ్లి ఆగదు గానీ ఆల్బం షీట్లు తగ్గుతయ్, డ్రోన్ వద్దంటరు, ప్రీ వెడ్డింగ్ షూట్ ఎందుకంటరు. బేరం ఫొటోగ్రాఫర్ కాడనే మొదలైతది.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మార్చినప్పుడు టీవీలు, ఏసీలు 28 నుంచి 18కి వచ్చినయ్. పండుగ బంపర్ అని మస్తు ప్రచారం జరిగింది. కెమెరా అప్పటికే 18ల ఉంది కాబట్టి పైసా తగ్గలే. అదే రోజు ట్రాక్టర్ 12 నుంచి 5కి, కుట్టు మిషన్ 12 నుంచి 5కి తగ్గినయ్. మంచిదే, తగ్గాలె. మరి టైలర్ మిషన్ పనిముట్టు అయితే ఫొటోగ్రాఫర్ కెమెరా ఏమైతది? ఢిల్లీల కూసున్నోళ్ల లెక్కల కెమెరా ఇంకా విహారయాత్రకు పోయేటోళ్ల మెడల వేలాడే వస్తువే.

ఇంకో అన్యాయం ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. హైదరాబాద్‌ల పెద్ద స్టూడియో జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసుకొని ఉంటది. అది కెమెరా మీద కట్టిన 36,990ని తన కస్టమర్ల దగ్గర వసూలు చేసిన జీఎస్టీల మినహాయించుకుంటది. అంటే ఆ పన్ను దానికి ఖర్చు కిందికి రాదు. ఊర్ల ఫొటోగ్రాఫర్‌కు ఏడాది ఆమ్దానీ 20 లక్షలు దాటదు, దాటనోడు రిజిస్ట్రేషన్ చేసుకోవాల్సిన పని లేదు, చేసుకోనోనికి మినహాయింపు రాదు. ఒకటే కెమెరా, ఒకటే దుకాణం. పెద్దోనికి 2,05,500 పడ్డది, చిన్నోనికి 2,42,490 పడ్డది. చిన్న దందాలను పన్ను లెక్కల తిప్పలు పెట్టొద్దని పెట్టిన రూల్ చిన్నోని మీదనే బరువైంది.

అగ్గువ కెమెరా ఎటువాయె?

కొన్నేండ్ల కింద పని నేర్చుకునేటోనికి ఒక మెట్టు ఉండేది. నికాన్ డి3500 లాంటి కెమెరా, కిట్ లెన్స్‌తోటి 40 వేల లోపు దొరికేది. దాంతో రెండేండ్లు పుట్టినరోజులు, చీర ఫంక్షన్లు తీసి, చేతికి పైసలొచ్చినాక పెద్దది కొనేటోళ్లు. ఇప్పుడు ఆ మోడల్ తయారీ బందైంది. ఆ రేటుకు కొత్తది ఇంకోటి రాలే.

దీనికి కారణం మన చేతుల్లనే ఉంది, అదే ఫోన్. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సిపా ఏటా లెక్కలు చెప్తది. 2010ల ఆ కంపెనీలు దునియా మొత్తానికి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు. 2023ల 77 లక్షలు. 2024ల కొంచెం లేచి 85 లక్షల దాకా వచ్చినయ్. వంద కెమెరాలు అమ్ముడుపోయిన కాడ ఏడు అమ్ముతున్నరంటే, ఫ్యాక్టరీ ఖర్చు, ఇంజినీర్ల జీతాలు, కొత్త సెన్సర్ మీద పెట్టిన పెట్టుబడి అంతా ఆ ఏడింటి మీదనే పడతది. పది మంది కూలీలు మోసే బస్తాను ఒక్కని నెత్తిన పెట్టినట్టు. అందుకే కంపెనీలు అగ్గువ కెమెరాల మీద ఆశ వదులుకొని, తక్కువ అమ్మినా లాభం ఎక్కువ వచ్చే పెద్ద కెమెరాల దిక్కు పోయినయ్. ఏ7 మార్క్ 5 2025 డిసెంబర్‌ల అమెరికాల 2,899 డాలర్లకు వచ్చింది. మార్క్ 3 తోటి పోలిస్తే 45 శాతం ఎక్కువ. అదే కాలంల అమెరికాల మొత్తం ధరలు పెరిగింది సుమారు 30 శాతం. మిగిలిందంతా కంపెనీ ఎంచుకున్న తొవ్వ.

ఈ కాలంల కంపెనీల చేతిల లేనివి గూడ జరిగినయ్. 2011ల థాయిలాండ్ వరదలకు నికాన్ ఫ్యాక్టరీ మునిగింది. 2016 ఏప్రిల్‌ల జపాన్ కుమామోటో భూకంపంతోటి సోనీ సెన్సర్ల ఫ్యాక్టరీ ఆగింది, ఆ సెన్సర్లు వాడే వేరే కంపెనీలు గూడ ఆగమైనయ్. కరోనా తర్వాత చిప్పుల కరువు వచ్చింది. 2021 డిసెంబర్‌ల సోనీ, వీడియోలు చేసే పోరగాండ్లకు ఇష్టమైన జెడ్‌వీ-ఈ10కి జపాన్‌ల ఆర్డర్లు తీసుకోవడమే కొన్నాళ్లు బంద్ పెట్టింది. కరువు పోయినాక సరుకు వచ్చింది. గానీ కరువుల పెరిగిన రేటు మొత్తానికి మొత్తం దిగిరాలే.

ఇప్పుడు కొత్త కరువు ఏఐతోటి వచ్చింది. ఏఐ కోసం కడుతున్న డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు గుట్టలకు గుట్టలు కావాలె. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్.. ర్యామ్ తయారీల పెద్దోళ్లు ఈ ముగ్గురే. ఎక్కువ పైసలిచ్చే డేటా సెంటర్లకే ముందు సప్లై చేస్తున్నరు. మన రూపాయి 90 దాటిన డిసెంబర్ 3నే మైక్రాన్, మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండ్ దందా నుంచి తప్పుకుంటమని చెప్పింది. మెమరీ కార్డు, ఎస్ఎస్‌డీ, ఎడిటింగ్ కంప్యూటర్‌ల ర్యామ్ అన్నీ ఈ చిప్పుల బిడ్డలే. కెమెరా ఐదేండ్లకోసారి కొంటరు, కార్డులు, డిస్కులు ఏటా కొంటరు. అందుకే ఈ దెబ్బ కెమెరా రేటు కంటే ముందు తాకుతది.

అమెరికా సుంకాల సంగతి గూడ రెండు ముక్కలల్ల చెప్పుకోవాలె. 2025ల ట్రంప్ సుంకాలు పెంచినాక నికాన్ జూన్‌ల, మిగతా కంపెనీలు అటూ ఇటుగా అమెరికాల రేట్లు పెంచినయ్. అది వాళ్ల గొడవ అనుకోవద్దు. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం సుంకం పడ్డది, మన ఎగుమతులకు దెబ్బ తగిలింది, విదేశీ పెట్టుబడులు వెనక్కు పోయినయ్, రూపాయి మీద ఒత్తిడి పడ్డది. రొయ్యల మీద వేసిన సుంకం తిరిగి తిరిగి కెమెరా రేటు కాడికి వచ్చింది.

టీవీ స్క్రోలింగ్ నమ్మితే

ఫిబ్రవరి వచ్చిందంటే బడ్జెట్ వస్తది. 'తగ్గేవి, పెరిగేవి' అని టీవీలల్ల పట్టిక తిప్పుతరు. 2023 బడ్జెట్ రోజు అట్లనే 'కెమెరా లెన్సుల ధరలు తగ్గుతయ్' అని స్క్రోలింగ్ వచ్చింది. లెన్స్ కొందామనుకున్నోళ్లు ఆగిన్రు. అసలు సంగతి ఏందంటే, సెల్‌ఫోన్‌ల పెట్టే కెమెరా మాడ్యూల్ తయారీకి తెప్పించుకునే లెన్సుల మీద రెండున్నర శాతం కస్టమ్స్ సుంకం ఎత్తేసిన్రు. ఫోన్ ఫ్యాక్టరీలకు లాభం. పెండ్లి తీసేటోని 85 ఎంఎం లెన్స్‌కు దాంతోటి సంబంధమే లేదు. ఫోన్ల తయారీ మన దేశానికి వచ్చింది కాబట్టి వాటి విడిభాగాలకు ఇట్లాంటి సడలింపులు వస్తున్నయ్. కెమెరా తయారీ మన దగ్గర లేదు, అడిగే పెద్ద ఫ్యాక్టరీ ఓనర్ లేడు. ఒకప్పుడు ఊటీల హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ కంపెనీ ఉండె, 'ఇందు' పేరుతోటి ఫిల్ములు చేసింది. మన తాతల కాలంల చాలా ఇండ్లల్ల ఉన్న ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా గూడ ఇక్కడ తయారైందే. ఫిల్ము పోయింది, దాంతోటి అదంతా పోయింది.

కస్టమ్స్ రూల్స్ కెమెరా డిజైన్‌నే మార్చిన ముచ్చట ఒకటుంది. పాత కెమెరాలల్ల వీడియో 29 నిమిషాల 59 సెకండ్లకు ఆగిపోయేది, తలంబ్రాల టైంల ఆగి ఎంతమంది తిట్లు తిన్నరో. వేడి వల్లనే అనుకుంటరు చాలామంది. యూరప్‌ల 30 నిమిషాలు ఆగకుండ తీసేదాన్ని వీడియో కెమెరా కింద లెక్కగట్టి సుంకం వేసేటోళ్లు, దాన్ని తప్పించుకోనీకి కంపెనీలు ఒక్క సెకండ్ ముందు ఆపేవి. మన దేశం కస్టమ్స్ మినహాయింపు రూల్‌ల గూడ ఆ 30 నిమిషాల లెక్క ఉండె.

డ్రోన్ల కథ వేరే. 2022 ఫిబ్రవరిల కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. విడిభాగాలు తెచ్చుకోవచ్చు, మన దేశంల తయారీ పెరగాలని ఉద్దేశం. పొలాలల్ల మందు కొట్టే డ్రోన్లల్ల అది కొంత పనిచేసింది. కానీ పెండ్లిళ్ల మీద ఎగిరే చిన్న కెమెరా డ్రోన్లల్ల చైనా డీజేఐకి సాటొచ్చేది ఇంకా మార్కెట్ల కనిపిస్తలేదు. ఫలితం ఏంది? అదే డీజేఐ దొడ్డిదారిన వస్తున్నది. బిల్లు లేదు, వారంటీ లేదు, రేటు అమ్మేటోని నోటికి ఎంతొస్తే అంత. చెట్టుకు తాకి రెక్క ఇరిగితే విడిభాగం గూడ దొడ్డిదారినే. నిషేధం వస్తువును ఆపలే, దాని మీద కొనేటోనికి ఉన్న హక్కును ఆపింది.

ఇదంతా చూసి 'మా బావ అమెరికాల ఉన్నడు, మా దోస్తు దుబాయ్‌ల ఉన్నడు, తెప్పించుకుంట' అనేటోళ్లు మస్తుమంది. తెప్పించుకోవచ్చు, తప్పేం లేదు. కానీ 2026 ఫిబ్రవరి మొదటి దాకా అమల్ల ఉన్న 2016 బ్యాగేజీ నియమాల ప్రకారం ఇండియాకు వచ్చే మనిషి 50 వేల విలువ దాకనే సుంకం లేకుండ తేవచ్చుండె, ఆపై విలువ మీద 38.5 శాతం కట్టాల్సి ఉండె. కట్టకుండ తెస్తే ఎయిర్‌పోర్ట్‌ల దొరికేది మీరు కాదు, మీ బావ. ఇగ జపాన్‌ల యెన్ పడిపోయింది, అక్కడ అగ్గువ అని తెప్పిస్తే, ఆ దేశం కోసం చేసిన సోనీ కెమెరాల మెనూ ఉత్త జపాన్ భాషల్నే ఉంటది. రిపేర్ వస్తే ఇక్కడ వారంటీ వర్తిస్తదా లేదా అని కొనేముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌ల అడగాలె.

కిస్తీకి మూఢం లేదు

రిజర్వ్ బ్యాంక్ 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబర్ దాకా రెపో రేటు 6.5 నుంచి 5.25కి తగ్గించింది. వడ్డీలు తగ్గినయని పేపర్లల్ల వచ్చింది. ఇల్లు కొన్నోనికి తగ్గినయ్. కెమెరా కొనే పోరడు బ్యాంక్‌ల కాడికి పోతే జీతం స్లిప్ అడుగుతరు, ఐటీ రిటర్న్ అడుగుతరు. అవి లేవు. ఫైనాన్స్ కంపెనీకి పోతడు, లేకుంటే ఊర్ల రెండు రూపాయల మిత్తికి తెస్తడు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. ముంబైల రెపో రేటు ఎంత తగ్గినా ఊర్ల మిత్తి రెండు రూపాయలే.

లెక్క కోసం బాడీ, లెన్స్, ఫ్లాష్ కలిపి 3 లక్షలు అప్పు అనుకుందాం. ఫైనాన్స్ కంపెనీ 16 శాతానికి రెండేండ్లకు ఇస్తే నెలకు సుమారు 14,700 కిస్తీ. ఊరి మిత్తి అయితే నెలకు 6 వేలు మిత్తికే పోతది, అసలు అట్లనే ఉంటది. ఇప్పుడు పంచాంగం ముందట పెట్టుకోన్రి. 2025 నవంబర్ 26 నుంచి 2026 ఫిబ్రవరి 17 దాకా శుక్ర మూఢం ఉండె. దాదాపు మూడు నెలలు ముహూర్తాలు లేవు. 2024ల గూడ సరిగ్గా ఎండాకాలం సీజన్‌ల, ఏప్రిల్ చివర నుంచి జులై దాకా గురు శుక్ర మూఢాలు వచ్చి దెబ్బ కొట్టినయ్. ఆషాఢం, పుష్యం ఎట్లాగూ ఉన్నయ్. మూడు నెలల కిస్తీ 44 వేలు. పెండ్లి లేదని ఫైనాన్స్ కంపెనీ ఊకోదు. 'నో కాస్ట్ ఈఎంఐ' అని ఆన్‌లైన్‌ల చూపిస్తరు గానీ, సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లనే బ్యాంకులకు చెప్పింది. నగదుకు ఇచ్చే డిస్కౌంట్ మీకు ఇయ్యకుండ ఆపి, దాన్నే వడ్డీ కింద కట్టుకుంటరు.

అందుకే నా మాట ఏందంటే, కొత్త మోడల్ వచ్చిందని మూఢంల అప్పు చేయొద్దు. డీఎస్ఎల్ఆర్‌లు అమ్మేసి అందరూ మిర్రర్‌లెస్‌కు పోతున్నరు కాబట్టి పాత డీఎస్ఎల్ఆర్ బాడీలు, వాటి లెన్సులు సెకండ్ హ్యాండ్‌ల ఇప్పుడున్నంత అగ్గువ ఎన్నడూ లేవు. పెండ్లి ఆల్బంల ఫొటో చూసి ఇది మిర్రర్‌లెస్‌తో తీసిందా అని పెండ్లిపిల్ల తల్లి అడగదు. కొనేముందు షట్టర్ కౌంట్ చూడాలె, లెన్స్‌ను లైట్‌కు పెట్టి బూజు ఉందా చూడాలె, బిల్లు మీది సీరియల్ నంబర్ బాడీ మీది నంబర్ ఒకటేనా చూడాలె. బిల్లు లేనిది దొంగ సొత్తు అయితే పైసలు పోతయ్, ఠాణా మెట్లెక్కాల్సి వస్తది. పెద్ద లెన్సులు నెలకు నాలుగు రోజులు వాడేదానికి సొంతంగ కొనే బదులు, పక్క మండలాల నలుగురు కలిసి ఒకటి కొని ముహూర్తాలు పంచుకోవచ్చు. అయితే అందరికీ ముహూర్తం ఒకటే రోజు వస్తది కదా అంటరు. నిజమే. ఆ రోజుకు కిరాయికి తెచ్చుకోన్రి, కిరాయికి మూఢంల కిస్తీ ఉండదు.

సర్కార్ చేయాల్సింది వేరే ఉంది. కెమెరాను 5 శాతంల పెడితే షోకుకు కొనే పైసలున్నోళ్లకు గూడ లాభమైతది, అది నిజమే. అందుకే ఒట్టిగ పన్ను తగ్గించమనే కంటే, పని చేసుకునేటోళ్లకు నేరుగ అందే తొవ్వ చూడాలె. 2023 సెప్టెంబర్‌ల కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మల 18 వృత్తులు ఉన్నయ్. టైలర్ ఉన్నడు, మంగలి ఉన్నడు, చాకలి ఉన్నడు, పూలదండలు అల్లేటోళ్లు ఉన్నరు. వాళ్లకు 5 శాతం వడ్డీకి 3 లక్షల దాకా అప్పు, పనిముట్లకు 15 వేలు ఇస్తరు. పెండ్లి పందిట్ల ఈ నలుగురి పక్కన నిలబడే ఫొటోగ్రాఫర్ మాత్రం ఆ జాబితాల లేడు. సంప్రదాయ చేతివృత్తి కాదంటరు. ముద్ర లోన్ ఉంది, కిశోర్ కింద 5 లక్షల దాకా అడగొచ్చు, షూరిటీ అక్కర్లేదని రూల్. చాలామంది అడగనే అడగరు, అడిగినోళ్లను మేనేజర్ రేపు రమ్మంటడు. మన రాష్ట్రంల రాజీవ్ యువ వికాసం కింద 4 లక్షల దాకా యూనిట్లకు 2025ల దరఖాస్తులు తీసుకున్నరు. జూన్ 2న మంజూరు పత్రాలు ఇస్తమన్నరు, అది వాయిదా పడ్డది. ఫొటోగ్రాఫర్ల సంఘాలు మండలానికొకటి ఉన్నయ్, ఏటా ఆగస్టు 19న ఫొటోగ్రఫీ దినోత్సవం చేసి కేక్ కోస్తయ్. ఆ రోజు ఎమ్మెల్యేను పిలిచి శాలువా కప్పినప్పుడు ఈ రెండు కాగితాలు గూడ చేతిల పెట్టొచ్చు: ఒకటి విశ్వకర్మల చేర్చాలని, ఇంకోటి 20 లక్షల లోపు వాళ్లకు పనిముట్ల మీద కట్టిన జీఎస్టీ వాపస్ ఇయ్యాలని.

మూఢం దాటినాక పెండ్లిళ్లు మొదలైతయ్. బయానాలు అంతకుముందే నడుస్తయ్. బయానా తీసుకునేటప్పుడు చాలామంది మొత్తం కలిపి ఒకటే రేటు చెప్తరు. ఈసారి కార్డులు, హార్డ్ డిస్క్ ఖర్చు వేరే గీత గీసి రాసి, దాని మీద ఏ తారీఖు రేటో గూడ రాయున్రి. ఏప్రిల్‌ల పెండ్లికి జనవరిల ఒప్పుకున్న డిస్క్ రేటు అప్పటికి ఉండకపోవచ్చు.